ఒకే వకాల్తా

ఆరేళ్ళుగా ఆమెను ఒక సందేహం వదలడం లేదు. పెద్ద వకీలు గారి ముందు గదిలో ఆ రోజు తను అన్న మాట ప్రేమతో అన్నదా, భయంతో అన్నదా? "ఇద్దరికీ మీరొక్కరే చాలండి, మా ఇంటిని రెండు చెయ్యకండి" అంది. ఆయన తలూపారు. ఆమె భర్త, ఆమె తమ్ముడు ఒకరి తర్వాత ఒకరు ఒకే వకాల్తా కాగితం మీద సంతకాలు పెట్టారు. ప్రేమే అని చాలాకాలం తనకు తాను చెప్పుకుంది, అడిగినవాళ్ళకు కాస్త గర్వంగా కూడా చెప్పింది. దేవుడి ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నప్పుడు మాత్రం ఆ సమాధానం గొంతు దిగేది కాదు. ఈ రోజు పొద్దున జడ్జిగారు ఇద్దరూ దోషులేనని చదివి, ఎంత శిక్ష అన్నది భోజనాల తర్వాత రెండింటికి చెబుతానని లేచి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఒంటిగంట. కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్న ఆమెకు ఆ సందేహంతో మిగిలింది ఈ ఒక్క గంటే.

వరండా గచ్చు ఇప్పుడే తుడిచి వెళ్ళారు. ఫినాయిలు వాసన ముక్కుకు గుచ్చుకుంటోంది. తడి ఆరేదాకా ఎవరూ నడవకూడదని ఒక కుర్చీ అడ్డం పెట్టారు, జనం ఆ కుర్చీని పద్ధతిగా పక్కకు జరిపి, మళ్ళీ పద్ధతిగా దాని చోట దాన్ని పెట్టి, తడిలోంచే నడుస్తున్నారు. అడుగుల మీద అడుగులు పడి ఏవి ఎవరివో తెలియకుండా పోతున్నాయి. బల్లకు ఆ చివర, చనిపోయిన దర్జీ భార్య కూర్చుని ఉంది. ప్రతి వాయిదాకూ వచ్చింది ఆవిడ, ఈ ఆరేళ్ళలో ఒక్కటి కూడా తప్పలేదు. ఇద్దరూ ఎన్నోసార్లు ఒకే బల్ల మీద కూర్చున్నారు, ఒకరికొకరు చోటిచ్చుకున్నారు, ఒక్క మాట మాట్లాడుకోలేదు. తిట్టినా బాగుండేది. వాంగ్మూలం ఇచ్చిన రోజు కూడా వీళ్ళకు శిక్ష పడాలని ఆవిడ అడగలేదు. ఇద్దరిలో ఎవరి వల్ల జరిగిందో ఎవరో ఒకరు నాకు చెబితే చాలు, అంది. జడ్జిగారు అది రాసుకున్నారు. ఎవరూ చెప్పలేదు. ఇవాళ తీర్పులో కూడా ఎవరో లేదు, ఇద్దరూ అని ఉంది. ఆ మాట చదువుతుండగా ఆవిడ సంచిని ఒళ్ళో ఇంకొంచెం దగ్గరగా లాక్కుంది, అంతే.

ఆవిడ భర్త నాలుగో అంతస్తులో బట్టలు కుట్టేవాడు. కుట్టిన బట్టల మూట కిందికి దించాలని లిఫ్టు తలుపు తీశాడు. లిఫ్టు ఎదురుగానే ఉంది. తలుపు మూసుకుపోకుండా మడమతో ఆపి, వెనక్కి తిరిగి, మూటను రెండు చేతులా పట్టుకుని వెనక్కి వెనక్కి లాక్కుంటూ లోపలికి అడుగు వేశాడు. ఆ కాస్తలో కింద ఎవరో మీట నొక్కారు, లిఫ్టు దిగిపోయింది. తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకూడదు. కదిలింది. ఆయన చూసుకోలేదు, వీపు వెనుక లిఫ్టు ఉందనే అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఇది విన్నాక తను ఎప్పుడు ఏ మూట లాగినా, బియ్యం బస్తా అయినా సరే, ఒకసారి వెనక్కి చూసుకోకుండా అడుగు వెయ్యలేకపోయింది.

లిఫ్టులు బాగుచేయడం తన భర్తకూ తమ్ముడికీ పని. భర్తను పనిలో అందరూ మేస్త్రీ అంటారు. తమ్ముడు పీట ఎక్కకుండానే గది కప్పు అందుకుంటాడు, వాణ్ణి నిచ్చెన అంటారు. మేస్త్రీ ఎక్కడికి వెళ్ళినా నిచ్చెన భుజాన ఉండాల్సిందేనని ఆఫీసులో హాస్యం. ఉండేది కూడా. అమ్మానాన్నా ఏడాది తేడాతో పోతే తొమ్మిదేళ్ళ వాణ్ణి తనతోపాటే అత్తవారింటికి తెచ్చుకుంది. ఎవరూ మొహం మాడ్చుకోకపోవడానికి కారణం ఆయనే. వాడికి నిక్కర్లు కొన్నదీ ఆయనే, స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. పాత రకం లిఫ్టుల్లో తలుపు తాళం బాగుచేసేటప్పుడు, తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు నడిచేలా పైన మోటారు గదిలో పెట్టె తెరిచి, రెండు కొనలు కలుపుతూ చిన్న తీగ ఒకటి పెడతారు. దాన్ని వాళ్ళు దొంగ తీగ అంటారు. పని అయిపోగానే తీసెయ్యాలి. అందుకని ఆయనొక పద్ధతి పెట్టాడు. కిందనున్నవాడు తీశావా అని అడగాలి, పైనున్నవాడు తీశా అనాలి, ఆ మాట చెవిన పడ్డాకనే కిందవాడు లిఫ్టును జనానికి వదలాలి. అడగకుండా వదిలితే చెవి మెలిపెడతానని చెప్పి, మొదట్లో నిజంగానే మెలిపెట్టాడు. రిజిస్టరులో మాత్రం ఇద్దరికీ కలిపి ఒకే గీత, ఒకే సంతకం, ఆయనది. ఎవరు పైన, ఎవరు కింద అని ఏనాడూ రాయలేదు. రాయడం పరాయివాళ్ళ లెక్క అనుకున్నారు. అడిగితే మేం చేశాం అనేవాళ్ళు. ఇంట్లో కూడా అంతే, పంపు ఎవరు కట్టెయ్యలేదు అంటే మేం మర్చిపోయాం అనేవాళ్ళు, తనూ నవ్వేది. ఆ మేం అన్న మాటే ఇవాళ జడ్జిగారు నాలుగుసార్లు చదివారు.

పెద్ద వకీలు గారు మంచివాడు కాదని ఎలా అంటుంది. బెయిలు తెచ్చారు, ప్రతి వాయిదాకూ ముందే కబురు చేశారు, జ్వరంతో కూడా వచ్చారు. ఆ మొదటి రోజు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఇద్దరూ గోడలా నిలబడండి, గోడలో ఒక ఇటుక కదిలితే రెండోది నిలవదు అన్నారు. వినడానికి ఎంత బాగుందో. ఆయన దగ్గర పనిచేసే చిన్న లాయరమ్మ మాత్రం ఫైలు కట్టే టేపు ముడి వేస్తూ, అప్పుడప్పుడు ఇద్దరికీ వేరువేరుగా పెట్టుకుంటారు సార్, ఒకరికి మేలు చేసే ప్రశ్న ఇంకొకరికి కీడు చేసేలా ఉంటే అంది. భర్త తల దించుకున్నాడు. తమ్ముడు తన వైపు చూశాడు, ఎప్పుడూ ఏం చెయ్యాలన్నా చూసినట్టే. అప్పుడే అంది తను, మా ఇంటిని రెండు చెయ్యకండి అని. అంత చప్పున ఎలా అంది? ఆలోచించుకోనైనా లేదే. కత్తి జారుతుంటే చెయ్యి పట్టుకున్నంత చప్పున. ప్రేమ అంత తొందరపడుతుందా? వేరే వకీలు వస్తే వాడు ఊరుకోడు, ఆ రోజు ఆ సమయానికి ఎవరెవరు ఎవరితో మాట్లాడారో ఫోన్లు తీయిస్తాడు, మేస్త్రీ ఫోన్లో భార్య ఉందని తేలుస్తాడు, తనను పిలిచి బోనులో నిలబెడతాడు. ఇది అప్పుడు తెలుసా తనకు? తెలియదనే అనుకుంటుంది. తెలియకుండానే నోరు దాని పని అది చేసుకుపోయిందా?

ఆ మేడ కాపలావాడిని విచారించిన రోజు గుర్తొచ్చింది. గుర్తు రాని రోజు లేదు. ఒకాయన పైన మోటారు గదిలో ఉన్నాడు, ఇంకొకాయన నాలుగో అంతస్తులో తలుపు దగ్గర ఉన్నాడు అని చెప్పి వాడు ఊరుకున్నాడు. సర్కారు వకీలుకు అంతకన్నా అక్కర్లేదు, ఇద్దరూ పనిలో ఉన్నారని తేలితే చాలు. పెద్ద వకీలు గారు లేచారు. పైనున్నది ఎవరయ్యా, పొడుగాయనా, ఇంకొకాయనా అని ఒక్క ముక్క అడిగితే తమ్ముడు సగం బయటపడేవాడు, ఆ ప్రశ్నతోనే మేస్త్రీ మునిగేవాడు. ఆయన కళ్ళజోడు తీశారు, పెట్టుకున్నారు, కాగితం తిరగేశారు. ఆయన పెదవులు కదలబోయి ఆగడం ఆమె వెనుక వరసలోంచి చూసింది. ప్రశ్నలు లేవు అని కూర్చున్నారు. ఇద్దరి కోసం లేచిన మనిషి ఇద్దరి కోసమూ నోరు మూసుకున్నాడు. ఆయన తప్పు కాదు. అలా కట్టేసింది తను.

ఆ ఫోను తను చేసిందే. వంటింట్లో పంపు కారుతోంది, పానా ఎక్కడ పెట్టారో అడగాలని చేసింది. అంతకు మించి ఏ అవసరమూ లేదు, సాయంత్రం దాకా బిందె పెట్టుకున్నా పోయేది. ఆయన ఎత్తి, పానానా, పానా ఎక్కడ పెట్టాను చెప్మా అంటూ ఆలోచిస్తున్నాడు. వెనక మోటారు హోరు, ఆ హోరు ఆగింది. అప్పుడు కింద నుంచి, బావిలోంచి వచ్చినట్టు తమ్ముడి గొంతు, బావా, తీశావా అని. ఆయన ఫోను నోటి దగ్గర నుంచి తీయకుండానే, "తీశాన్రా, వదిలెయ్" అన్నాడు. అని, ఆఁ, అలమర కింది అరలో గుడ్డ చుట్టి ఉంటుంది చూడు అన్నాడు తనతో. పానా అక్కడే ఉంది, గుడ్డ చుట్టే ఉంది. పంపు బిగించింది, చేతులు తుడుచుకుంది. అప్పటికి ఆ దర్జీ ఇంకా బతికే ఉన్నాడు, చివరి చొక్కాకు గుండీలు కుడుతూ ఉండి ఉంటాడు.

ఆయన అబద్ధం ఆడలేదు. అదే కదా ఇందులో ప్రాణం తీసేది. తీశాను అంటాడు ఇప్పటికీ, వాయిదా నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, ఎవరూ అడక్కుండానే. ఆ తీగ నా చొక్కా జేబులోనే ఉంది కదే, పోలీసులకు నేనే తీసి ఇచ్చాను కదా అంటాడు. నిజమే, ఇచ్చాడు. పెట్టెలో దొరికింది రెండోది. రెండోది ఎక్కడిదంటే ఆయన మాట్లాడడు, తమ్ముడు ఆ పొద్దున ముందుగా వెళ్ళి మోటారు గది తాళం తెరిచి ఉంటాడన్న అనుమానం ఆయన కళ్ళలో మెదిలి ఆరిపోతుంది. నేనసలు పైకే ఎక్కలేదక్కా అని తమ్ముడు ఒక్కసారే అన్నాడు, అదీ గోడకు చెప్పినట్టు. రెండు తీగలు ఆయనే పెట్టి ఒకటే పెట్టానని అనుకున్నాడో, ఫోనులో పానా వెతుకుతూ ఒకటి తీసి రెండూ తీశాననుకున్నాడో, ఆ దేవుడికే ఎరుక. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఆ రెండు నిజాలూ ఒక్క మనిషి నోట్లో పట్టవు. అడిగినవాడికి జవాబు వచ్చింది, జవాబు విన్నాకే లిఫ్టు వదిలాడు, నేర్పినట్టే చేశాడు అన్నంతవరకు మాత్రం తనకు తెలుసు. తన చెవులతో విన్నది. కన్నబిడ్డలా పెంచిన తమ్ముడు ఇంకొక గంటలో జైలుకు వెళుతున్నది తనకు తెలిసిన ఆ మాట తెలియనట్టు ఉన్నందుకు.

ఆరేళ్ళు ముగ్గురూ, మధ్యలో కూతుర్ని కూర్చోబెట్టుకుని, కలిసే తిన్నారు. అదొక వింత. తమ్ముడు వేరే గది చూసుకుంటానంటే ఆయనే వద్దన్నాడు, ఇప్పుడు విడిపోతే కోర్టు ఏమనుకుంటుంది అని. ప్రేమకు కాదు, కోర్టుకు కలిసి ఉన్నారు. ఒకే కంచాలు, అదే గుండ్రటి బల్ల, ఉప్పు అందించుకుంటారు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. తమ్ముడికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. పోనీలే అక్కా, పిల్ల పొట్టిది, మెడ నొప్పి తప్పింది అని వాడే నవ్వించాడు. ఆయన ఆ రోజు సగం అన్నం వదిలేసి లేచాడు. తను రోజూ పొద్దున స్నానం చేసి దణ్ణం పెట్టుకుంటూ ఇద్దరినీ చల్లగా చూడు స్వామీ అంటుంది. ఇద్దరినీ. ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా విడిగా ఒకరి కోసం అడిగి ఎరగదు. వాణ్ణి మాత్రం కాపాడు అంటే ఈయన్ని ఏం చెయ్యమని అడిగినట్టు? దేవుడి దగ్గర కూడా ఒకే వకాల్తా వేసి కూర్చుంది. ఆ దేవుడు కూడా కళ్ళజోడు తీసి పెట్టుకుని, ప్రశ్నలు లేవని ఊరుకుంటున్నాడేమో అనిపించి, అలా అనుకున్నందుకు ఇప్పుడే, ఈ బల్ల మీదే, లెంపలు వేసుకుంది. దర్జీ భార్య చూసి, చూపు తిప్పుకుంది.

ఇంతకూ తమ్ముడు అడగకపోలేదు. బెయిలు మీద వచ్చిన రెండో రోజు, వంటింటి గడపలో నిలబడి, తల గుమ్మానికి తగలకుండా వంచి, చిన్నప్పుడు చిరుతిండి అడిగినట్టే అడిగాడు, అక్కా, ఆ రోజు బావతో ఫోనులో ఉన్నది నువ్వే కదా, నా మాట ఏమైనా వినిపించిందా అని. తను గరిటె ఆపకుండా, ఆ రోజు కుక్కరు మోతలో ఏం వినిపిస్తుంది రా అంది. వాడు అవునులే, కుక్కరు కదా అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఒక చిన్న మాట అడిగాడు, ఒక చిన్న జవాబు బాకీ పడింది. అన్నం పెట్టినా, చొక్కాలు ఇస్త్రీ చేసినా, వాడి జ్వరానికి పక్కన కూర్చున్నా, ఏం చేసినా అది తీరలేదు. వాడు ఇంట్లో అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఆ జవాబు తమ ఇద్దరి మధ్య మసలేది. నిజం చెబితే కూతురికి నాన్న ఉండడు, చెప్పకపోతే తనకు తమ్ముడు ఉండడు, ఇప్పుడేమో ఇద్దరూ వెళుతున్నారు. కాపాడింది ఎవరిని?

చిన్న లాయరమ్మ టిఫిను డబ్బా మూత పెట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఈ ఆరేళ్ళలో ఆమెకు కణతల దగ్గర నాలుగు వెంట్రుకలు తెల్లబడ్డాయి. రెండింటికి పెద్దాయన ఇద్దరి తరఫునా దయ చూపమని అడుగుతారని చెప్పి, కానీ ఏం చెప్పి అడగాలో తేలడం లేదక్కా అంది. చిన్నవాడు, చెప్పింది చేశాడు అందామంటే చెప్పింది ఎవరని అడుగుతారు. పెద్దవాడు, కూతురుంది అందామంటే మరి ఒంటరివాణ్ణి లోపల వేయండి అన్నట్టు ఉంటుంది. మంచి నడవడిక గలవాళ్ళని మాత్రం చెప్పి ఊరుకుంటారట. దయ అడగడానికి కూడా ఇద్దరికీ ఒకే గొంతు అడ్డం వస్తోందని తనకు అర్థమైంది. నోరు తెరిచింది. "అమ్మాయ్, ఆ రోజు ఫోనులో నేను" అనేలోగా లాయరమ్మ చెయ్యి ఎత్తి ఆపింది.

"నాకు చెప్పకండి అక్కా. నేను ఇద్దరికీ లాయర్ని. ఒకరి మీదకి పోయే మాట నేను వింటే వాడుకోలేను, మర్చిపోనూ లేను."

"మరి ఎవరికి చెప్పను?"

"చివరి గదిలో ఉచితంగా లాయర్ని ఇస్తారు. మీ తమ్ముడికి అని అడగండి. ఇవాళ శిక్ష ఆగుతుందని చెప్పలేను, అప్పీలుకు పనికొస్తుంది. అదీ ఏమో." నేల వైపు చూస్తూ, "మొదటి రోజే ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది నేను" అంది.

చివరి గదిలో గుమాస్తా తల ఎత్తకుండా ఎవరికి అన్నాడు. తమ్ముడికి అంది. ఒక్కడికేనా అన్నాడు. ఒక్కడికే. ఆ మాట నోటినుంచి రావడానికి పట్టినంతసేపు పెళ్ళిపీటల మీద కూర్చోవడానికి కూడా పట్టలేదు. వాడు కాగితం ఇచ్చి ముద్దాయి సంతకం చేయించుకు రమ్మన్నాడు. కోర్టు హాలు ఖాళీగా ఉంది, ఫాను తిరుగుతోంది, వెనుక బల్ల మీద ఇద్దరూ, మధ్యలో పోలీసాయన కునుకుతూ. కాగితం చూసి తమ్ముడు వద్దక్కా అన్నాడు. ఇన్నాళ్ళూ లేంది ఇప్పుడెందుకు, ఇద్దరం పోయి వస్తాం, నువ్వు పిల్లను చూసుకో అన్నాడు. ఇద్దరం అన్నాడు, ఇప్పటికీ. భర్త ఏమిటది అని అడిగాడు. ఆమె వాళ్ళ ముందు నేల మీదే కూర్చుంది.

"నువ్వు తీశావా అని అడిగావు. ఈయన తీశాన్రా, వదిలెయ్ అన్నారు. నేను విన్నాను." భర్త మొహం వైపు చూడకూడదనుకుంది, చూసింది. "ఈ మాట కోర్టులో చెబుతానండీ. నన్ను క్షమించమని అడగను."

ఆయనకు కోపం వస్తే బాగుండునని ఎదురుచూసింది. ఆయన నుదురు ముడుచుకుని, పానా ఎక్కడ పెట్టాడో గుర్తు చేసుకున్నట్టే చాలాసేపు గుర్తు చేసుకున్నాడు. "అలా అన్నానా నేను?" అన్నాడు. ఆయన తమ్ముడి వైపు తిరిగాడు, ఆరేళ్ళ తర్వాత మొదటిసారి వాడి మొహంలోకి చూసి, "అన్నానట్రా?" అన్నాడు. అన్నావు బావా, అన్నాడు వాడు, ఎంతో మెల్లగా, తప్పు చేసినవాడిలా. ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, నిద్రపోతున్న పోలీసాయన ఒడి మీదుగా వాడికి అందించాడు. ఇంటికి ఎవరు తిరిగి వస్తారో, ఎప్పుడో, వచ్చినవాళ్ళు తన చేతి అన్నం తింటారో లేదో ఆమెకు తెలియలేదు. దేవుణ్ణి అడగబుద్ధి కూడా కాలేదు. బయట జనం లోపలికి రావడం మొదలైంది, దర్జీ భార్య వచ్చి గుమ్మం దగ్గర ఆగింది.

తమ్ముడు కాగితం మోకాలి మీద పెట్టుకుని, సంతకం చేయబోయి ఆగి, తల వంచి ఆమెను చూశాడు.

"మరి కుక్కరు మోత అన్నావు కదక్కా."

"మోత లేదు రా. నువ్వు తీశావా అని అడగడం వినిపించగానే పొయ్యి కట్టేశాను" అంది ఆమె. "అంతా వినిపించింది."